‘మ్యూచువల్’కు తెలుగు మాట మీ వంటింట్లోనే ఉంది

ప్రశ్న: నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకు సర్దిన 317 జీవోలో సొంత జిల్లా వదిలి రావాల్సి వచ్చింది. రోజూ బస్సులో అప్ అండ్ డౌన్ చేస్తున్నాను. మ్యూచువల్ కోసం, అంటే నా చోటికి వచ్చి తన చోటు నాకిచ్చే టీచర్ కోసం, వెతగ్గా వెతగ్గా ఒకాయన దొరికారు. సంతకాల దాకా వచ్చి మనసు మార్చుకున్నారు. స్టాఫ్ రూమ్‌లో ఈ గోలే మాట్లాడుకుంటుంటే విన్నట్టున్నాడు, ఎనిమిదో తరగతి పిల్లాడొకడు క్లాసులో లేచి, “మ్యూచువల్ అంటే ఏంటి టీచర్? మ్యూచువల్ ఫ్రెండ్, మ్యూచువల్ ఫండ్, మ్యూచువల్ డైవర్స్... అన్నీ ఒకటేనా?” అన్నాడు. బోర్డు మీద ‘పరస్పరం’ అని రాశాను. వాడి మొహం చూస్తేనే ఎక్కలేదని తెలిసింది. మా ఇంగ్లిష్ మాస్టారేమో అసలు ‘మ్యూచువల్ ఫ్రెండ్’ అనడమే తప్పు, ‘కామన్ ఫ్రెండ్’ అనాలి అంటారు. ఈ మాట ఎక్కడిది? పిల్లలకు ఎలా చెప్పాలి?
— ఒక తెలుగు టీచర్

సమాధానం:

టీచర్ గారూ, నమస్కారం.

ముందు మీరు బోర్డు మీద రాసిన మాట సంగతి. ‘పరస్పరం’ తప్పేమీ కాదు, నిఘంటువు తెరిస్తే మొదట కనిపించేది అదే. కాకపోతే ఆ పిల్లాడికి తెలియని ఇంగ్లిష్ మాట పోయి తెలియని సంస్కృతం మాట వచ్చింది. తాళం తీయమంటే పైన ఇంకో తాళం వేసినట్టయింది.

ఆ పరస్పరాన్నే విప్పి చూపిస్తే కొంత నయం. ‘పర’ అంటే ఇతరుడు. పర పక్కన ఇంకో పర. అన్యోన్యం కూడా అంతే, అన్యుడి పక్కన అన్యుడు. మనం అన్యోన్య దాంపత్యం అని మురిసిపోతాం గానీ మాటను విడగొడితే పెళ్లిచూపుల్లోలాగా ఇద్దరు పరాయివాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. మన ‘ఒకరికొకరు’ చేసే పనీ ఇదే, ఇంగ్లిష్ వాళ్ల ‘వన్ అనదర్’ చేసే పనీ ఇదే. మనుషులిద్దర్నీ నిలబెట్టి, వాళ్ల మధ్య ఏదో నడుస్తోందని చెబుతాయి. మ్యూచువల్ అనే మాట పుట్టుక వేరు. దాని వేరులో మనుషులు లేరు, చేతులు మారే వస్తువు ఉంది. పిల్లలకు చెప్పడం అక్కడ మొదలుపెడితే మంచిది.

ఈ మాట ఇంగ్లిష్‌లోకి 15వ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ నుంచి వచ్చింది. ఫ్రెంచ్‌కి లాటిన్ నుంచి. లాటిన్‌లో ‘మూతువుస్’ అంటే అప్పుగా తెచ్చింది, బదులుగా ఇచ్చింది అని. దాని వెనక ‘ముతారే’ అనే క్రియ ఉంది, మార్చడం అని అర్థం. రోమన్ల చట్టంలో ‘మూతువుమ్’ అని ఒక రకం అప్పుకు పేరే ఉండేది. డబ్బు, ధాన్యం, నూనె, ద్రాక్ష సారాయి లాంటివి, అంటే లెక్కపెట్టో కొలిచో తూచో ఇచ్చేవి, ఈ రకం కింద ఇచ్చేవారు. తీసుకున్నవాడు వాటిని వాడేసుకుంటాడు. తిరిగి ఇచ్చేటప్పుడు అదే ధాన్యం ఇవ్వనక్కర్లేదు, ఇవ్వలేడు కూడా, తినేశాడు కదా. అదే రకం, అదే కొలత ఇస్తే చాలు. గుర్రాన్నో పాత్రనో ఎరువు తెచ్చుకుంటే మాత్రం ఆ గుర్రాన్నే, ఆ పాత్రనే తిరిగి అప్పజెప్పాలి. దానికి వేరే పేరు, వేరే నియమాలు. మూతువుమ్‌కి దానంతటదిగా వడ్డీ ఉండేది కాదు. వడ్డీ కావాలంటే విడిగా ఇంకో ఒప్పందం చేసుకోవాల్సిందే.

ఇది చదివినప్పుడు నాకు రోమ్ గుర్తు రాలేదు, మా పెరటి గోడ గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఎవరైనా చుట్టాలు దిగితే మా అమ్మ నా చేతికి స్టీలు గ్లాసిచ్చి పక్కింటికి పంపేది. “పిన్నీ, అమ్మ ఒక గ్లాసు పంచదార ఇమ్మంది, రేపు ఇచ్చేస్తుందిట.” మీ వైపు చక్కెర అంటారు. ఆ పిన్ని గ్లాసు నింపి, అంచు మీద చూపుడు వేలు పెట్టి సాపుగా ఒక్క గీత గీసి ఇచ్చేది. రేషన్ తెచ్చిన రోజు మా అమ్మ అదే గ్లాసుతో తిరిగి పంపేది, కానీ వేలు పెట్టేది కాదు, పైన గోపురంలా నిలిచేది. నేను దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కింద పడకుండా పెదాలతో కొంచెం తగ్గించి మరీ ఇచ్చేవాణ్ణి. ఒకసారి గ్లాసు తిరిగి ఇవ్వడం ఆలస్యమైతే పక్కింటావిడ ఏమీ అనలేదు. తనే ఒక గ్లాసు పట్టుకుని మా ఇంటికి కాఫీ పొడికి వచ్చింది. లెక్క సరిపోయింది.

రోమన్లకూ ఈ మాట ఎలా వచ్చిందా అని అనుమానం వచ్చింది. 2వ శతాబ్దపు న్యాయపండితుడు గాయుస్ దానికొక వ్యుత్పత్తి చెప్పాడు. ‘మేవుమ్’ అంటే నాది, ‘తూవుమ్’ అంటే నీది. నా దగ్గర్నుంచి వెళ్లి నీదైపోతుంది కాబట్టి మూతువుమ్ అన్నాడు. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో అంత తప్పు. మన దగ్గర ఊరి పేర్లకు కథలు అల్లినట్టే అల్లాడాయన. కానీ వస్తువు నాది నీదయ్యే ఆ క్షణాన్ని మాత్రం సరిగ్గానే పట్టుకున్నాడు. మీ క్లాసులో ఇది చెప్పండి, తప్పని తెలిసీ చెప్పండి. పిల్లలకు ఈ తప్పే బాగా గుర్తుంటుంది.

ఇప్పుడు తెలుగులోకి రండి. ఆ చక్కెర గ్లాసును మనం ఏమంటాం? చేబదులు. ‘బదులు’ అనే మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. బదులు తెచ్చాను అంటే అప్పు. నా బదులు నువ్వెళ్లు అంటే నా స్థానంలో. అడిగితే బదులు చెప్పడేం అంటే జవాబు. అప్పు, మార్పు, జవాబు, మూడూ ఒక్క మాటలో. లాటిన్ మూతువుస్‌లో ఉన్న అప్పూ బదులూ రెండూ ఇందులో ఉన్నాయి, జవాబు మనకు అదనం. ఇది అచ్చ తెలుగు కూడా కాదు, అరబ్బీ ‘బదల్’ ఉర్దూ మీదుగా మన నోట్లో పడి బదులు అయింది. అదే బదల్ నుంచి ‘బదిలీ’ వచ్చింది. అంటే మీరు పడుతున్న ‘మ్యూచువల్ బదిలీ’ తిప్పలో ఒకే అర్థం రెండుసార్లు ఉంది. నడిసెంటర్ అన్నట్టే. నవ్వు వస్తే నవ్వుకోండి, బస్సులో ఎలాగూ టైమ్ ఉంటుంది.

ఆ బస్సు కూడా ఈ ఇంటిదే. మీరు అప్ అండ్ డౌన్ అంటున్నదాన్ని ఇంగ్లిష్ వాళ్లు ‘కమ్యూట్’ అంటారు. లాటిన్‌లో అది మార్పిడి చేసుకోవడం. 1840ల్లో అమెరికా రైళ్లలో ‘కమ్యుటేషన్ టికెట్’ అని ఇచ్చేవారు. రోజూ కొనే టికెట్లన్నిటికీ మారుగా, తగ్గించిన ధరకు ఒకటే టికెట్. మన నెలవారీ పాస్ లాంటిది. ఆ టికెట్ మీద రోజూ తిరిగేవాళ్లు కమ్యూటర్లు అయ్యారు, తర్వాత ఆ తిరగడమే కమ్యూట్ అయింది. మీరు రిటైరయ్యేటప్పుడు పెట్టుకునే పెన్షన్ కమ్యుటేషన్ కూడా అదే. నెలనెలా రావాల్సిన దాంట్లో కొంత వదులుకుని, దాని బదులు ఒకేసారి మొత్తం తీసుకోవడం.

ప్రభుత్వ ఉద్యోగి జీవితమంతా ఈ ఒక్క వేరు చుట్టూ తిరుగుతుంది. ప్లాటు కొంటే రిజిస్ట్రేషన్ తర్వాత ‘మ్యుటేషన్’, అంటే రికార్డులో పేరు మారడం. ఇంటి పన్ను కట్టేది ‘మున్సిపాలిటీ’కి. పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్తే ఇచ్చేది, ఆలస్యంగా ఇచ్చేది, ‘రెమ్యునరేషన్’. ఈ చివరి రెండిటి మధ్యలో ‘మూనుస్’ అనే లాటిన్ మాట దాక్కుని ఉంది. దానికి రెండు అర్థాలు: కానుక, బాధ్యత. రెండూ ఎలా కుదిరాయి అని అడగక్కర్లేదు. పెళ్లిలో మన చదివింపుల పుస్తకం చూసినవాళ్లకు తెలుసు, 516 రూపాయలు చదివించినవాడి ఇంట్లో శుభకార్యం వస్తే ఆ 516 కానుకా, బాధ్యతా కూడా. మూనుస్‌ని నెత్తికెత్తుకున్న ఊరు మున్సిపాలిటీ. మూనుస్ లేనివాడు, అంటే ఊరికి చేయాల్సిన పనుల నుంచీ పన్నుల నుంచీ మినహాయింపు దొరికినవాడు, ‘ఇమ్యూనిస్’. కరోనా రోజుల్లో మనమంతా జపించిన ‘ఇమ్యూనిటీ’ అదే. రోమ్‌లో ఇమ్యూనిటీ అంటే మీ భాషలో చెప్పాలంటే ఎలక్షన్ డ్యూటీ తప్పించుకోవడం.

ఇక మీ ఇంగ్లిష్ మాస్టారి దగ్గరికి. ఆయన అంటున్నది ఊహించుకుని అంటున్నది కాదు, దానికి చరిత్ర ఉంది. ఆ వాదన ఇది: మ్యూచువల్ అంటే నా నుంచి నీకు, నీ నుంచి నాకు. నీకూ నాకూ ఇద్దరికీ తెలిసిన మూడోవాడు ఎవరైనా ఉంటే, అతను మనిద్దరి మధ్య ఇచ్చిపుచ్చుకునే వస్తువు కాదు కదా, మరి మ్యూచువల్ ఎలా అవుతాడు, కామన్ అవుతాడు. 1926లో ఇంగ్లిష్ భాషా పండితుడు ఫౌలర్ కూడా తన వాడుక నిఘంటువులో దీన్ని జనం పడిపోయే గుంట అన్నాడు. అప్పటికే గుంట బాగా లోతైంది. 1864, 65లలో చార్లెస్ డికెన్స్ రాసిన నవల పేరే ‘అవర్ మ్యూచువల్ ఫ్రెండ్’. ఆ నవల్లో ఆ మాట అనేది పెద్దగా చదువుకోని ఒక పాత్ర, కాబట్టి డికెన్స్ కావాలనే పెట్టాడని సమర్థించేవాళ్లూ ఉన్నారు. కానీ చదువుకున్నవాళ్లు కూడా అలాగే అంటూ వచ్చారు. ఎందుకంటే ‘కామన్’కి ఇంకో చెడ్డ అర్థం ఉంది, నాసిరకం, మర్యాద తెలియనివాడు అని. స్నేహితుణ్ణి పట్టుకుని కామన్ అంటే బాగోదు కదా. ఫేస్‌బుక్ వచ్చి ‘మ్యూచువల్ ఫ్రెండ్స్’ అని ప్రతి ప్రొఫైల్ కిందా అచ్చేశాక ఇక ఆ వాదన స్టాఫ్ రూముల్లోనే మిగిలింది.

పిల్లలు మాత్రం తెలియకుండానే మాస్టారి పక్షాన ఉన్నారు. సోషల్ మీడియాలో వాళ్లు ‘మ్యూచువల్స్’ అనేది ఎవర్నో గమనించండి. నేను నిన్ను ఫాలో అవుతాను, నువ్వు నన్ను ఫాలో అవుతావు, అప్పుడు మనం మ్యూచువల్స్. ఒకవైపే ఫాలో అయితే కాదు. ఫౌలర్ వింటే సంతోషించేవాడు.

మాస్టారితో వాదన పెట్టుకోవాలని ఉంటే ఒక సంగతి దగ్గర పెట్టుకోండి. ‘కామన్’ కూడా ఇందాక చెప్పిన మూనుస్ కుటుంబంలోదే. ‘కొ’ అంటే కలిసి, దాని వెనక అదే వేరు. కలిసి మోసేది, కలిసి పంచుకునేది కామన్. కమ్యూనిటీ, కమ్యూనికేషన్, కమ్యూనిస్టు, అందరూ అక్కడివాళ్లే. అంటే ఆయన తోబుట్టువులకు తగువు పెడుతున్నారు. అయినా ఆయన చెప్పే తేడా తెలుగులో నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే మనకు రెండిటికీ వేర్వేరు మాటలు ఉన్నాయి. కామన్ అంటే ఉమ్మడి. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి జిల్లా, ఉమ్మడి బావి. బావి అక్కడే ఉంటుంది, అందరూ వచ్చి తోడుకుంటారు. మ్యూచువల్ అంటే ఇచ్చిపుచ్చుకునేది. గ్లాసు అటు వెళ్తుంది, ఇటు వస్తుంది.

ఇదిగో, అదే మీరు అడిగిన తెలుగు మాట. ఇచ్చిపుచ్చుకోవడం. బోర్డు మీద ఇది రాయండి.

వాళ్లకు కళ్లకు కట్టాలంటే శ్రావణమాసం గుర్తు చేయండి. మీ క్లాసులో సగం మంది ఆ శుక్రవారాలు అమ్మ వెనక నాలుగిళ్లు తిరిగి నానబెట్టిన శనగలు తిన్నవాళ్లే. పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అరటిపండు, శనగలు, జాకెట్టు గుడ్డ. ఇచ్చేవాళ్లు కొంగు పళ్లెం మీద కప్పి “ఇస్తినమ్మ వాయనం” అంటారు. పుచ్చుకునేవాళ్లు తమ కొంగు అడ్డం పెట్టి “పుచ్చుకుంటినమ్మ వాయనం” అంటారు. పళ్లెం చేతులు మారుతుంటే రెండు గొంతులూ వినపడాలి. ఒకళ్లే రెండూ అనేస్తే వాయనం కాదు. మళ్లీ అదే సాయంత్రమో, మరుసటి శుక్రవారమో పళ్లెం వ్యతిరేక దిశలో నడుస్తుంది. ఇద్దరు అమ్మాయిల్ని నిలబెట్టి డస్టర్‌ని వాయనంగా ఇప్పించండి. ఆ క్లాసులో మ్యూచువల్ అర్థం ఇక ఎవరూ మర్చిపోరు.

తెలుగు టీచర్ కాబట్టి మీకు ఇంకొకటి పనికొస్తుంది. మన క్రియల్లోనే ఈ పని చేసే చిన్న ముక్క ఉంది, ‘కొను’. రవి వండుకున్నాడు అంటే తనకోసం వండాడు. రవి, గోపి తిట్టుకున్నారు అంటే? ఎవర్ని వాళ్లు తిట్టుకున్నారని ఎవరూ అనుకోరు, ఒకర్నొకరు తిట్టుకున్నారనే అర్థమవుతుంది. మాట్లాడుకున్నారు, పంచుకున్నారు, కొట్టుకున్నారు, అన్నీ అంతే. మనిషి ఒకడైతే తనవైపు తిరిగే ముక్క, ఇద్దరైతే ఎదుటివాడి వైపు తిరుగుతుంది. అందుకే తెలుగులో చాలాసార్లు మ్యూచువల్‌కి విడిగా మాటే అక్కర్లేదు. ఇంగ్లిష్ సినిమాల్లో ‘ది ఫీలింగ్ ఈజ్ మ్యూచువల్’ అంటుంటారు. దాన్ని ‘ఆ భావన పరస్పరమైనది’ అని సబ్‌టైటిల్ వేసినవాణ్ణి నేను క్షమించలేను. “నాకూ అంతే” అంటే సరిపోయేది. ప్రేమకైనా కోపానికైనా.

మీకు సంస్కృతం అంటే ఇష్టమైతే ఒక విందు ఉంది, పిల్లలకు కాదు, మీకు. లాటిన్, సంస్కృతం దూరపు చుట్టాలని తెలిసిందే. ఆ ‘ముతారే’కి సంస్కృతంలో దొరికే చుట్టం ‘మిథ్’ అనే ధాతువు. మిథః అంటే ఒకరితో ఒకరు. దాన్నుంచి మిథునం, జంట. మన మిథున రాశి. ఇంకోవైపు అదే ఇంట్లో పుట్టింది మిథ్య. మార్చి చెప్పింది, తలకిందులైంది, అబద్ధం. ఇంగ్లిష్‌లో తప్పును సూచించే ‘మిస్’, మిస్టేక్‌లో ఉన్నది, ఆ మిథ్యకు బంధువే. మారడం అనే ఒక్క ఊహలోంచి ఒకవైపు జంట వచ్చింది, ఒకవైపు మోసం వచ్చింది. ‘వినిమయం’లో ఉన్న మయం కూడా ఈ వైపు చుట్టమే అంటారు భాషాశాస్త్రజ్ఞులు. ఇది వస్తు వినిమయం అని సోషల్ పాఠంలో ఉండే మాటే. అంటే మ్యూచువల్ మనకు మరీ పరాయిది కాదు, వేరే ఊళ్లో పెరిగిన పెద్దమ్మ మనవడు.

ఇప్పుడు ఆ పిల్లాడి జాబితా. మూడూ ఒకటేనా అన్నాడు. కాదు, కానీ ఒకే గూటివి.

ఫ్రెండ్ సంగతి అయిపోయింది. ‘ఇద్దరికీ తెలిసినవాడు’ అనండి, గొడవ లేదు.

ఫండ్ కొంచెం చుట్టు తిరిగి వచ్చింది. ముందు మ్యూచువల్ భీమా సంఘాలు ఉండేవి. 1752లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ వాళ్లు పెట్టిన అగ్నిప్రమాద భీమా సంఘం అలాంటిది. నా ఇల్లు కాలితే మీరందరూ, మీ ఇల్లు కాలితే మేమందరం. మధ్యలో లాభం తీసుకునే యజమాని ఉండడు, భీమా కట్టినవాళ్లే యజమానులు. మన దేశంలోనూ 1870లో బొంబాయి మ్యూచువల్ అనే జీవిత భీమా సంఘం మొదలైంది. 1956లో జీవిత భీమా జాతీయం చేసినప్పుడు అలాంటివన్నీ ఎల్ఐసీలో కలిశాయి. మదుపుదారుల డబ్బు ఒకచోట చేర్చి షేర్లలో పెట్టే పద్ధతికి కూడా అమెరికాలో ఈ పేరే తగిలించారు. ఎప్పుడంటే అప్పుడు చేరి, ఎప్పుడంటే అప్పుడు బయటికి వచ్చే రకం ఫండ్ 1924లో బోస్టన్‌లో మొదలైంది. మన దగ్గర 1963లో యూనిట్ ట్రస్టుతో. లాభనష్టాలు యూనిట్లు కొన్నవాళ్లందరివీ. ఇక్కడ మ్యూచువల్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం కంటే ఉమ్మడికే దగ్గర. మీకు మీ పక్క యూనిట్ హోల్డర్ ఎవరో తెలియదు, తెలియక్కర్లేదు.

అసలైన మ్యూచువల్ కావాలంటే చీటీ. 20 మంది, నెలకు 5,000, 20 నెలలు, లక్ష చీటీ. మొదటి నెలల్లో పాడుకుని ఎత్తుకున్నవాడు మిగతావాళ్ల దగ్గర అప్పు తీసుకున్నట్టు. ఆఖరి నెల దాకా ఆగినవాడు అందరికీ అప్పిచ్చినట్టు. మధ్యలో ఉన్నవాళ్లు ముందు ఇస్తారు, తర్వాత తీరుస్తారు. ప్రతివాడూ ఒక వంతు అప్పులవాడు, ఒక వంతు సావుకారు. రోమన్ల మూతువుమ్‌ని వలయంలో తిప్పితే ఇదే వస్తుంది. చీటీ నడిపినావిడ రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేస్తే అది ఇందాక చెప్పిన మిథ్య.

మన చట్టాల్లోనూ ఈ మాట తెలుగులో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. పొదుపు సంఘాల మహిళలు మ్యాక్స్ అనేది ఈ చట్టం కింది సంఘాల్నే. ముల్కనూరు మహిళా డెయిరీ కూడా ఈ చట్టం కింద పెట్టుకున్నదే. మీ క్లాసులో అమ్మ డ్వాక్రా గ్రూపులో ఉన్న పిల్లలు చాలామందే ఉంటారు. ‘మ్యాక్స్’ అనే మాటలో మొదటి అక్షరం మ్యూచువల్‌దే అని చెబితే ఇంటికెళ్లి అమ్మకు చెప్పి గొప్పలు పోతారు.

ఇక మూడోది. చట్టంలో ఉన్నది మ్యూచువల్ డైవర్స్ కాదు, మ్యూచువల్ కన్సెంట్‌తో విడాకులు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో 1976లో 13బి అనే సెక్షన్‌గా చేర్చారు. ఏడాదిగా విడిగా ఉంటున్న ఇద్దరూ కలిసి కోర్టుకు వెళ్లి, మేం ఇక కలిసి ఉండలేం, విడిపోవడానికి ఇద్దరం ఒప్పుకున్నాం అని చెప్పాలి. మామూలుగా ఆరు నెలలు ఆగి మళ్లీ చెప్పాలి, తగిన కారణముంటే ఆ గడువును కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యలో ఎవరో ఒకరు మనసు మార్చుకుంటే అది మ్యూచువల్ కాకుండా పోతుందని 1991లోనే సుప్రీంకోర్టు అంది. అంటే ఇక్కడ ఇచ్చిపుచ్చుకునేది విడాకుల్ని కాదు, ఒప్పుకోలుని. నీ ‘సరే’కి నా ‘సరే’. మాట వాడకంలో చూస్తే మూడింటిలో పాత అర్థానికి దగ్గరగా ఉన్నది ఇదే.

అయితే టీచర్ గారూ, ఇది బోర్డు మీద రాయకండి. మిగతా రెండూ పిల్లలు ఫోన్లో చూసి ఉంటారు. ఎనిమిదో తరగతి పిల్లాడు మ్యూచువల్ డైవర్స్ అనే మాట టీవీలో విని ఉండొచ్చు, ఇంట్లో రాత్రిపూట పక్క గదిలోంచి విని ఉండొచ్చు. నాకైతే వాడు ఫ్రెండ్, ఫండ్ ముందు పెట్టి దాన్ని ఆఖర్న అడిగిన తీరు కొంచెం గుచ్చుకుంది. నా అనుమానం తప్పు కావచ్చు. ఒక రోజు విరామం బెల్లు కొట్టాక నోటుబుక్కులు స్టాఫ్ రూమ్‌కి తెమ్మని వాణ్ణి పంపండి, నడుస్తూ నడుస్తూ “మొన్న మంచి ప్రశ్న అడిగావురా, ఎక్కడ విన్నావు?” అనండి. చెప్తే వినండి. టీవీలో అంటే టీవీలోనే అనుకోండి, మళ్లీ అడగకండి.

మీ బదిలీ సంగతి నేను తీర్చలేను. మా ఇంట్లో వాళ్లకు దాన్ని వివరిస్తే మా పెద్దత్తయ్య ఒక్క ముక్కలో తేల్చేసింది: “ఓహో, కుండమార్పిడి!” ఆ ఇంటి పిల్లని ఈ ఇంటికి, ఈ ఇంటి పిల్లని ఆ ఇంటికి. ఒక జంట గొడవపడి అమ్మాయి పుట్టింటికి వస్తే, రెండో అమ్మాయిని కూడా పంపేసేవారట పాతరోజుల్లో. ఏ దోషమూ లేని రెండో కాపురం కూడా ఆగేది. మీకు జరిగింది కూడా అలాంటిదే, అవతలాయన కదలకపోతే మీరూ కదల్లేరు. ఆయన ‘మనసు మార్చుకున్నారు’ అని రాశారు మీరు. మార్చుకోవడం, ముతారే. ఈసారి దొరికినవాళ్లతో ఫోన్లో మాట్లాడి ఊరుకోకుండా ఒకసారి వాళ్ల ఊరికి వెళ్లి, వాళ్ల స్కూలు చూసి, వాళ్ల ఇంట్లో వాళ్లతో కూడా మాట్లాడి రండి. వెనక్కి తగ్గేది చాలాసార్లు ఆ టీచర్ కాదు, ఇంట్లోవాళ్లు. వాళ్లనీ మీ స్కూలుకి రమ్మనండి. ఏ బస్సు ఎన్నింటికో, వానాకాలం వాగు దాటాలో లేదో దాచకుండా చెప్పండి. అవతలివాళ్లకు తర్వాత తెలిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

మాస్టారికి కామన్, మ్యూచువల్ తోబుట్టువులన్న సంగతి చెప్పండి. ఆయన ఏమన్నారో రాయండి, నా దగ్గర మీకు ఒక ఉత్తరం బాకీ ఉంటుంది.